నంబరు చెబితే చాలు

కొత్తపేట,
14 ఫిబ్రవరి 1988.

చిరంజీవి తమ్ముడు ప్రభాకరరావుకి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుకుంటూ అక్క రాస్తున్నది. ఇక్కడ అమ్మ, మీ బావగారు, పిల్లలు, నేను అందరం కులాసాగానే ఉన్నాం. కువైట్ చలి ఎముకల్లోకి దిగుతోందని పోయిన ఉత్తరంలో రాశావు. ఈపాటికి తగ్గి ఉంటుందనీ, నువ్వు వేళకి తింటున్నావనీ అనుకుంటున్నాను.

నువ్వు పంపిన దుప్పటి అందింది. అమ్మ దాన్ని కప్పుకోవడం లేదు. మడత పెట్టి తలకింద పెట్టుకుంటోంది. కప్పుకోవే అంటే, ఇంత మెత్తటిది ఒంటిమీద వేసుకుంటే నిద్ర పట్టదంటుంది. పెరటి గోడ సంగతి అడిగావు. కట్టించాం. వరదకి కూలిన చోటే కాకుండా, పక్కన పెచ్చులూడిన దగ్గర కూడా మీ బావగారు దగ్గరుండి పూయించారు. పూతరేకులు పంపమన్నావు. విమానం దిగేసరికి పొడైపోతాయని అమ్మ భయం. ఆత్రేయపురం నుంచి మామిడి తాండ్ర తెప్పించి పంపిస్తాం. పెద్దదానికి పరీక్షలు దగ్గరపడ్డాయి. చిన్నవాడు నీ ఫోటో చూసి మామయ్య మీసం తీసేశాడేమని అడుగుతున్నాడు. దానికి జవాబు నువ్వే రాయాలి.

ఇక నీ ఉత్తరంలో చివర అడిగిన మాట. నగరం ఊళ్ళో ఉండే దానం గారి అమ్మాయి పుష్పలత సంబంధం నీకు నచ్చిందనీ, కాని నీ గదిలో ఉండే రామ్మూర్తి, పిల్ల తండ్రి ఒకప్పుడు మా ఆసుపత్రికి తిరిగేవాడని చెప్పాడనీ రాశావు. "రికార్డు గది తాళం నీ దగ్గరే ఉంటుంది కదా అక్కా, ఒక్కసారి చూసి చెప్పు, మూడో కంటికి తెలియదు" అన్నావు.

చూడలేదు తమ్ముడూ. చూడను కూడా. కోప్పడకు. ఎందుకో చెప్పాలంటే ఈ ఉత్తరం పొడుగవుతుంది. రామ్మూర్తి పక్కన లేనప్పుడు, ఒక్కడివే కూర్చుని చదువు.

మా ఆసుపత్రిలో చూసేది మనవైపు పెద్దరోగం అంటారే, ఆ కుష్టు జబ్బు. ఆ పేరు చెబితే బస్సులో పక్క సీటు ఖాళీ అవుతుంది. మందులు వాడితే పూర్తిగా నయమైపోతుందని డాక్టర్ కృపావతి గారు ఊరూరా తిరిగి చెబుతారు. విన్నవాళ్ళు తలలూపుతారు. ఆ తర్వాత అదే ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు కబురు పంపుతారు, ఫలానా వాళ్ళ అమ్మాయి మీ దగ్గరికి వచ్చిందా అని.

నువ్వు వెళ్ళిన ఏడాదే కదా వరద వచ్చింది. రికార్డు గదిలో నడుములోతు నీళ్ళు నిలిచాయి. ఆసుపత్రి పెట్టినప్పటి నుంచీ ఉన్న కేసు షీట్లు ముద్దలైపోయాయి. నర్సులూ మేమూ కలిసి వాటిని విడదీసి, చర్చి వరండాలో కొబ్బరి తాళ్ళు కట్టి, బట్టల్లాగా ఆరేశాం. మళ్ళీ ఇలాంటి వరద వస్తే ఏమీ మిగలదని మిషన్ వాళ్ళు మద్రాసు నుంచి ఒక కెమెరా తెప్పించారు. ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి, సినిమా రీలు లాంటి ఫిల్ము మీదికి ఎక్కించారు. గదినిండా ఉన్న కట్టలన్నీ ఇప్పుడు ఒక్క ఇనప బీరువాలో డబ్బాలుగా ఇమిడిపోయాయి. చూడ్డానికి టీవీ లాంటి పెట్టె ఒకటి ఉంది. రీలు ఎక్కించి పిడి తిప్పితే, ఎన్నేళ్ళ కిందటి కాగితమైనా అద్దం మీద వెలుగుతూ నిలబడుతుంది.

నాకది పెద్ద వింతగా ఉండేది. కట్టల కాలంలో ఒక కాగితం వెతకాలంటే పూట గడిచిపోయేది. దుమ్ముకి దడిసి ఎవరూ ఆ గదిలోకి వచ్చేవారు కాదు. ఇప్పుడు నిమిషంలో దొరుకుతుంది. అంత సులువుగా దొరకడమే చిక్కు తెచ్చిపెట్టింది.

మొదట్లో ఆ గదికి తాళం అక్కర్లేదన్నారు డాక్టరు గారు. డ్యూటీలో ఉన్న నర్సు ఎప్పుడంటే అప్పుడు చూసుకోవాలి, రోగిని నిలబెట్టకూడదు అన్నారు. అలాగే ఉంచాం. మా అటెండరు ఏసుపాదం గారు చెడ్డమనిషి కాదు, కాని మొహమాటస్తుడు. తెలిసినవాళ్ళు బతిమాలితే కాదనలేడు. ఒక పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి అతన్ని కాఫీకి తీసుకెళ్ళి, తిరిగి వచ్చి ఆ పెట్టె ముందు కూర్చున్నాడు. తర్వాత అయినవిల్లి వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. కుదిరిన పెళ్ళి తప్పిపోయిందట. ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. నేను చీటీలు రాసిచ్చే కిటికీ దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది. "నా కాగితం ఎవరు చూసేరండీ?"

ఆమెకి జబ్బు పూర్తిగా తగ్గిపోయిందని కూడా ఆ కాగితం మీదే రాసి ఉంది. పేరయ్య అంతదాకా చదవలేదు.

దాంతో డాక్టరు గారు గదికి తాళం వేయించారు. తాళంచెవి నాకొక్కదానికే ఇచ్చారు. పీడ వదిలిందనుకున్నాను. తర్వాత చిన్నవాడికి జ్వరం వచ్చి నేను సెలవు పెట్టిన రోజున, రాజోలు నుంచి ఒక ముసలాయన్ని మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్ళంతా గడ్డలు, కాలిపోతున్న జ్వరం. పూర్వం ఏ మందు ఆయనకి పడలేదో ఫిల్ములో ఉంది. ఫిల్ము బీరువాలో ఉంది. తాళంచెవి నా కొంగున కొత్తపేటలో ఉంది. మనిషిని పంపి నన్ను పిలిపించేలోగా ఆయన చాలా బాధపడ్డాడు. బతికాడు, దేవుడి దయ. కాని ఆయన భార్య నా చేతిలోని తాళంచెవి వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పుడు డాక్టరు గారూ నేనూ కూర్చుని ఆలోచించాం. తెరిచి ఉంచితే ఒకరి బతుకు పోతోంది, మూసి ఉంచితే ఇంకొకరి ప్రాణం మీదికి వస్తోంది. చివరికి ఇలా చేశాం. వైద్యం రాసిన కాగితాల ఫిల్ములో పేరు, ఊరు కనబడకుండా నల్లపట్టీ వేయించి, నంబరు మాత్రం ఉంచాం. అది నర్సుల గదిలోనే ఉంటుంది, ఏ వేళైనా చూసుకోవచ్చు. ఏ నంబరు ఎవరిదో చెప్పే రీలు, పేరూ ఫోటో ఉన్న మొదటి పేజీలతో కలిపి, విడిగా బీరువాలో పెట్టాం. దానికి రెండు తాళాలు. ఒకటి డాక్టరు గారి దగ్గర, ఒకటి నా దగ్గర. ఇద్దరం కలిస్తేనే తెరుచుకుంటుంది. రోగి వచ్చి నంబరు చెబితే చాలు, వైద్యం ఆగదు. పేరుతో వచ్చినవాళ్ళకి ఏమీ దొరకదు.

కాబట్టి నువ్వు అడిగిన పని నేనొక్కదాన్నే చేయలేను కూడా. కాని చేయగలిగినా చేసేదాన్ని కాదని నీకు తెలియాలి. ఆ టీచరమ్మ ముఖం ఒక్కటే అందుకు కారణమని మొదట అనుకున్నాను. ఇప్పుడు ఇంకో కారణం ఉంది. అది చెప్పడానికి అమ్మ అనుమతి ఇచ్చింది. చెప్పమనే అంది.

నీ ఉత్తరాలు అమ్మకి నేనే చదివి వినిపిస్తానని నీకు తెలుసు కదా. ఆ రోజు కూడా చదువుతూ పోయి, దానం గారి సంగతి వచ్చాక గాని నాలుక కరుచుకోలేదు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "ఏ ఆసుపత్రి? నీదేనా?" అని అడిగింది. అవునన్నాను. "ఏం చేద్దామనుకుంటున్నావు?" అంది. చూడనని రాస్తానన్నాను. అమ్మ ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతూ కూర్చుంది.

నేను ఆ ఉద్యోగంలో చేరి ఇన్నేళ్ళయినా అమ్మ ఒక్కసారి కూడా మా ఆసుపత్రికి రాలేదు. డాక్టరు గారు క్రిస్మస్‌కి పిలిచినా, బస్సెక్కితే కళ్ళు తిరుగుతాయనేది. ఆ మరుసటి సోమవారం నేను కిటికీ దగ్గర తలొంచుకుని చీటీలు రాస్తున్నాను. వరస పెద్దదిగా ఉంది. ఒకరి తర్వాత ఒకరు నంబరు చెబుతున్నారు, రాసి ఇస్తున్నాను.

"నంబరు చెప్పండి" అన్నాను.

"నాలుగు వందల పదిహేడండి."

పాత నంబరు. అంత పాతవాళ్ళు ఈమధ్య ఎవరూ రాలేదనుకుంటూ రాసేశాను. రాశాక ఆ గొంతు నా లోపలికి దిగింది. తలెత్తి చూశాను. నువ్వు కిందటేడు పంపిన నీలం చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, అమ్మ నిలబడి ఉంది తమ్ముడూ.

నా చేతిలో కలం ఆగిపోయింది. వెనకాల ఉన్నవాళ్ళు తొందరపడుతున్నారు. అమ్మ మెల్లగా అంది. "నీతో పని లేదమ్మా. నా కాగితం చూసుకోడానికి వచ్చేను. పెద్ద డాక్టరమ్మగారితో చెప్పు."

ఏసుపాదం గారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, అమ్మని డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళాను. అక్కడ బల్ల అవతల కూర్చుని, నా వంక చూడకుండా, డాక్టరు గారితో చెబుతున్నట్టుగా అంతా చెప్పింది.

నువ్వు పుట్టిన ఏడాది అమ్మ ఎడమ చేతి మీద తెల్లటి మచ్చ వచ్చింది. గిల్లితే తెలిసేది కాదు. నాన్న ఆమెని చీకటితో లేపి పడవ దాటించి ఆ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నీకు ఇంకా పళ్ళు రాలేదు. చంటిబిడ్డని దగ్గర ఉంచుకోకూడదన్నారు. నాన్న వెనక్కి వచ్చి నిన్ను అమ్మమ్మ చేతిలో పెట్టాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకి, కాకినాడలో దొరసాని గారింట్లో వంటకి కుదిరిందని చెప్పారు. మనిద్దరికీ అదే చెప్పారు. నేను అప్పటికి బడికి వెళ్తున్నాను, అమ్మ దొరసాని దగ్గర ఉందని అందరితో గొప్పగా చెప్పుకునేదాన్ని. అమ్మ తిరిగి వచ్చేసరికి నువ్వు పరిగెడుతున్నావు. అమ్మని చూసి ఎవరో అనుకుని అమ్మమ్మ వెనకాల దాక్కున్నావు. నాకు బాగా గుర్తుంది, నేను నవ్వాను.

అమ్మ పొయ్యి మీద గిన్నె గుడ్డ లేకుండా దించుతుంటే, మా అమ్మ చెయ్యి ఇనుము అని నువ్వు స్నేహితులతో చెప్పేవాడివి. ఆ చేతికి వేడి తెలియదు. అందుకే ఆ చివరి రెండు వేళ్ళూ వంగి ఉంటాయి. గంజి పడి కాలిందని మనతో చెప్పింది. జబ్బు అప్పుడే పూర్తిగా తగ్గిపోయింది. నరం మాత్రం తిరిగి రాలేదు.

డాక్టరు గారు అంతా విని, "ఇప్పుడు మీరు ఏం చూడాలనుకుంటున్నారమ్మా?" అని అడిగారు.

"నన్ను చూసేవాళ్ళు ఏం చూస్తారో నేను ముందు చూడాలండి" అంది అమ్మ.

మా ఇద్దరి ముఖాలూ చూడాల్సింది. రెండు తాళాలు పెట్టి, నల్లపట్టీలు వేసి, ఎవరెవరు చూడాలో ఎవరు చూడకూడదో అంత ఆలోచించాం. ఆ కాగితం ఎవరిదో వాళ్ళు వచ్చి చూపించమంటే ఏం చేయాలో ఒక్కసారి కూడా తట్టలేదు. డాక్టరు గారు లేచి తన తాళంచెవి తీశారు. నా తాళంచెవి కూడా ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడే తిప్పారు.

అద్దం మీద ముందు ఫోటో వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. ముక్కుపుడక, బెదురు చూపు. అచ్చం మా పెద్దది. అమ్మ చాలాసేపు చూసి, "ఈ పిల్ల బాగానే ఉందండి" అంది. తర్వాత వేలిముద్ర. తర్వాత ఇంగ్లీషులో నర్సులు రాసినవి. డాక్టరు గారు ఒక్కొక్కటే తెలుగులో చదివి చెప్పారు. ఏ మందు, ఎంత, ఎప్పుడు. మధ్యలో ఒకచోట ఆగారు. అమ్మ చదవమంది. ఎవరో నర్సు రాసింది. "బిడ్డ గురించి రోజూ అడుగుతోంది. పాలు పిండి పారబోస్తోంది. ఏడుస్తోంది."

"అది కూడా రాసేరా" అంది అమ్మ. అంతే. కొంగుతో ముఖం తుడుచుకుంది.

చివరి పేజీలో, జబ్బు నయమైందనీ ఇంటికి పంపవచ్చనీ ఉంది. ఆ వాక్యం మళ్ళీ చదివించుకుంది. ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో కొత్త పద్ధతి పెట్టాం. ఎవరి కాగితం వాళ్ళు అడిగితే, డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాలి. ఇప్పటికే కొందరు వచ్చి అడిగారు.

బస్సు దగ్గరికి నడుస్తుంటే నేనే ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అన్నాను. మీకు సంబంధాలు రావని మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడంది. నా పెళ్ళి అయ్యాకైనా చెప్పొచ్చు కదా అన్నాను. "వాడిది అవలేదు కదమ్మా" అంది.

నీ కోసమే అన్నేళ్ళు దాచింది. నీ కోసమే ఇప్పుడు బయటపెట్టింది. ఎందుకంటే వాళ్ళ ఇంటి గుట్టు అడిగే ముందు మన ఇంటిది చెప్పాలంది. నీ ఉత్తరంతో కాదు, మా ఉత్తరాలతో కాదు, స్వయంగా వెళ్ళి చెబుతానంది. మీ బావగారు వద్దన్నారు, సంబంధం చెడిపోతుందని. అమ్మ వినలేదు. కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ అమ్మా అమలాపురంలో బస్సు మారి నగరం వెళ్ళాం.

దానం గారు బస్సు కండక్టరు కదా, ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్నారు. ఆయన భార్య అచ్చాయమ్మ గారు కుర్చీలు వేసి, కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చారు. పెళ్ళి మాటలకే వచ్చామనుకున్నారు పాపం. పుష్పలత నమస్కారం పెట్టి తలుపు పక్కన నిలబడింది. ఫోటోలో కన్నా ఎదుట బాగుంది, ఆ మాట మాత్రం నేను దాచను.

అమ్మ బొండాం కింద పెట్టేసింది. "పిల్లని చూడ్డానికి రాలేదండి. నా సంగతి చెప్పుకోడానికి వచ్చేను. విన్నాక మీకు ఎలా తోస్తే అలా చెయ్యండి" అంది. ఎడమ చెయ్యి ఒళ్ళోంచి తీసి అందరికీ కనబడేలా కుర్చీ చేతి మీద పెట్టి, డాక్టరు గారికి చెప్పినదంతా మళ్ళీ చెప్పింది.

అచ్చాయమ్మ గారు భర్త వంక చూశారు. ఆయన నేల చూస్తున్నారు. నేను లేచి వెళ్ళిపోదామనే అనుకున్నాను. అప్పుడు ఆయన, "అమ్మాయిగారూ, మీరు మా పుష్పతో కాసేపు పెరట్లో కూర్చుంటారా అండీ? నేను మీ అమ్మగారితో మాట్లాడాలి" అన్నారు.

పెరట్లో బావి గట్టు మీద కూర్చున్నాం. పుష్పలత చేద తాడు చుట్టలు చుడుతోంది. లోపల్నుంచి వాళ్ళ నాన్న గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. చాలాసేపయ్యాక, "మా నాన్నగారు ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడరండి" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను చెయ్యి పట్టుకున్నాను.

బయటికి వచ్చేసరికి అమ్మ ముఖం తేటగా ఉంది. అచ్చాయమ్మ గారు భోజనం చేయకుండా కదలనివ్వలేదు. అమ్మని పక్కనే కూర్చోబెట్టుకుని ఒకే గిన్నెలోంచి ఇద్దరికీ కూర వడ్డించుకున్నారు. బయలుదేరేటప్పుడు దానం గారు నాతో అన్నారు. "మీ తమ్ముడుగార్ని నాకు ఉత్తరం రాయమనండి. ఆయన ఏం అడగాలనుకుంటే అది నన్నే అడగమనండి. చెబుతాను."

తిరుగు బస్సులో నాకు ఆత్రం ఆగలేదు. ఆయన ఏం చెప్పారే అని అడిగాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆయన నాతో చెప్పేడమ్మా. నీతో కాదు" అంది. రెండోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. అంచేత తమ్ముడూ, దానం గారు మా ఆసుపత్రికి వచ్చారో లేదో, వస్తే ఎందుకు వచ్చారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంటే ఆయనకే రాయి. రాసే ముందు, అమ్మ సంగతి విన్నాక నీ మనసు ఎలా ఉందో చూసుకుని రాయి. పెళ్ళి మాట నీ ఇష్టానికే వదిలేశాం.

నిన్న ఈ ఉత్తరం మొదలుపెడుతుంటే అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏం రాయమంటావే అని అడిగాను. నువ్వు ఊరు వచ్చినప్పుడల్లా బస్సు దిగి నేరుగా అమ్మమ్మ ఇంటికి వెళ్తావు, అక్కడ అన్నం తిని సాయంత్రానికి గాని మన ఇంటికి రావు. అమ్మ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

"ఈసారి వచ్చినప్పుడు ముందు ఎక్కడికి వస్తాడో అడుగు" అంది.

నీ దగ్గరికే వస్తాడులేవే అనబోయాను. నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెప్పకు. వాణ్ణి రాయనీ."

ఇట్లు,
నీ జవాబు అమ్మకి చదివి వినిపించడానికి ఎదురుచూసే
నీ అక్క,
సువర్ణ.